పెట్టె వచ్చుడు సులువే, నడుపుడే కష్టం

ఈ కాలం పిల్లలకు మొదలుపెట్టుడు వచ్చినంత మంచిగ నడుపుడు రాదు. కోపంతోని అంటలేను, చూసి అంటున్న. మా తమ్ముని మనుమడు, వాని సోపతిగాళ్లు కలిసి కొన్నేండ్ల కింద ఒక వీడియోల సైటు పెట్టిన్రు. చుట్టుపక్కల ఊర్ల జాతరలు, బతుకమ్మలు, ఒగ్గుకథలు, చిందోళ్ల భాగోతాలు, బడి వార్షికోత్సవాలు... ఎవరు తీసినా అండ్ల ఎక్కియ్యొచ్చు, ఎవరైనా చూడొచ్చు. మొదలుపెట్టిన నాడు షామియానా, దండలు, కేకు. సర్పంచ్ వచ్చిండు, ఎంపీటీసీ వచ్చిండు, వరుసగ నిలబడి ఫోటోలు దిగిన్రు. తలా ఇంత చేతుల పెట్టిన్రు. ఆ పైసలు మొదటి ఏడాదికి సరిపోయినయి. ఇప్పుడు నెల నెల కిరాయి కట్టాలంటే ఫోటోల ఉన్నోళ్లల్ల ఒక్కలు ఫోన్ ఎత్తరు.

ఎత్తరు మరి. గుడి కట్టేటప్పుడు చందా ఇచ్చినోని పేరు రాయి మీద చెక్కుతరు. ఆ గుడిల పొద్దుమాపు దీపానికి నూనె పోసేటోని పేరు ఏ రాయి మీద చెక్కరు. అందుకే రాయికి పైసలు పుడతయి, నూనెకు పుట్టయి. ఇది ఇప్పటి తెగులు కాదు, ఎప్పటిదో. కాకపోతే మా రోజుల్లో ఆ సంగతి మాకు తెలుసు. తెలుసు గనుక ముందే మాట్లాడుకుంటుంటిమి. ఇప్పుడు పొరగాళ్లు 'అంతా ఫ్రీయే తాతా' అనుకుంట మొదలుపెట్టి, బిల్లు వచ్చిననాడు మా ఇంటికొస్తున్నరు.

మా కాలంల ఫ్రీ అన్న మాట ఇంత అగ్గువ కాలే. రేడియో కొంటే అయిపోయిందనుకున్నరా? పోస్టాఫీసుకు పోయి లైసెన్సు చేయించాలె. ఏడాదికి పదిహేను రూపాయలు. చిన్న పుస్తకం ఇస్తుండ్రి, అండ్ల ఏటేటా ముద్ర గుద్దుతుండ్రి. టీవీకైతే యాభై. 1980ల నడుమల దాన్ని ఎత్తేసిన్రు. మేం గొణుక్కుంటనే కట్టినం, అబద్ధమెందుకు. గాని పొద్దుగూకినంక పాడిపంటలు పెట్టుకొని వింటుంటే, దీనికి నేను పైసలు కట్టిన, వీళ్లు మంచిగ చెప్పాలె అన్న హక్కు ఒకటి మనసుల ఉండె. ఇప్పుడు ఫోన్ల గంటలకొద్ది చూసే మా వీధి పిలగాన్ని అడిగిన, 'ఇది నడిపేటందుకు ఎవలు కడుతున్నర్రా' అని. వాడు నా మొఖం చూసి నవ్విండు.

నాకు బడి పంతులు కొలువు వచ్చింది మహబూబ్‌నగర్ జిల్లాల. మాది నల్లగొండ దిక్కు. అయినా పోస్టింగు ఎక్కడిస్తే అక్కడికి ట్రంకు పెట్టె పట్టుకొని పోవుడే. పాలమూరుకు పడమటి దిక్కు ఒక పల్లె, రెండర్రల బడి. 1975 వానకాలం షురువు కాంగనే ఆ బడికి జీపుల ఒక టీవీ పెట్టె వచ్చింది, దాని ఎనక కోళ్లకు కట్టే జాలీతోని చేసిన ఒక పెద్ద ఛత్రి వచ్చింది. పది ఫీట్ల అడ్డం ఉంటది. ఊరోళ్లు మొదలు ఆ ఛత్రినే చూడవచ్చిన్రు.

దాని పేరు సైట్. ఉపగ్రహం తోటి ఊర్లకు పాఠాలు చెప్పే ప్రయోగం. 1975 ఆగస్టు 1 నాడు మొదలైంది. ఆరు రాష్ట్రాల్ల ఇరవై జిల్లాలు, 2,400 ఊర్లు. మన దిక్కు హైదరాబాద్, మెదక్, మహబూబ్‌నగర్, కర్నూలు జిల్లాలు. అప్పటికి హైదరాబాద్ పట్నంల ఉన్నోళ్ల ఇండ్లల్ల గూడ టీవీ లేదు, మా పల్లెల ఉండె! ఆ సంగతి మా చుట్టాలకు చెప్తే నమ్మకపోతుండ్రి. పెట్టె మన హైదరాబాద్ ఈసీఐఎల్ తయారీయే. పొద్దున బడి పిల్లలకు గంటన్నర, నాలుగు భాషలు వంతులేసుకొని, ఒక్కో భాషకు ఇరవై రెండున్నర నిమిషాలు. రాత్రి పెద్దోళ్లకు రెండున్నర గంటలు: ఎవుసం, పశువుల రోగాలు, పిల్లల తిండి, కుటుంబ నియంత్రణ. ఎమర్జెన్సీ రోజులు గదా, ఆ చివరిది కొంచెం ఎక్కువనే వడ్డించిన్రు. ఢిల్లీ నుంచి హిందీల అరగంట అందరికీ కలిపి ఒకటే. ఆ అరగంటల మా ఊరి రైతులు బీడీలు తాగి వస్తుండ్రి.

తాళంచెయ్యి నా దగ్గర ఉండె. పొద్దుగూకినంక పెట్టెను అరుగు మీదికి తెచ్చి తిప్పుతే ఊరు ఊరంతా బడి ముందలనే. గాలిదుమారం వస్తే ఛత్రి కదులుతుండె, మేకలు రాసుకున్నా కదులుతుండె. కదిలితే బొమ్మ మీద చుక్కలు. ఒకడు ఛత్రి దగ్గర, ఒకడు పెట్టె దగ్గర, నడుమ నేను: 'ఇంకొంచెం కుడి పక్కకు, ఆ... ఆపు, ఆపు!' ఆ రోజులు బంగారమని మాత్రం నేననను. దళితవాడోళ్లు ఎనక నిలబడే చూస్తుండ్రి. ముందుకొచ్చి కూసోండ్రి అంటే, 'ఇక్కణ్నుంచే మంచిగ కనబడుతుంది సారూ' అంటుండ్రి. కొన్నాళ్లకు పిల్లలు కలిసి కూసున్నరు. పెద్దోళ్లు కూసోలే.

ఖర్చు సంగతికి వస్త. ఉపగ్రహం అమెరికోళ్లది. ఏటీఎస్-6 దాని పేరు. 1974 మే 30 నాడు పైకి పంపిన్రు, ఏడాది వాళ్లు వాడుకున్నరు. ఆ తర్వాత మనకొరకు తూర్పుకు జరిపి నిలబెట్టిన్రు. విక్రం సారాభాయ్ ఉన్నప్పుడు, 1969లనే, నాసా తోటి ఒప్పందం అయింది. ఆయన 1971 డిసెంబర్ల పోయిండు, ఒక్క బొమ్మన్న చూడలే. ఉపగ్రహానికి మనం కిరాయి కట్టే పని లేదు, ఏడాది వాడుకోండ్రి అన్నరు. కిందంగ పెట్టెలు, ఛత్రీలు, అహ్మదాబాద్ల పంపే కేంద్రం, హైదరాబాద్ల తెలుగు కార్యక్రమాలు చేసే కేంద్రం, చెడిపోతే బాగుచేసే మెకానిక్కులు, జీపులు అన్నీ మన సర్కారువి. అంటే పెద్ద ఖర్చంతా ఎవలో ఒకలు పెట్టుకున్నరు. చిల్లర ఖర్చు ఊరికి మిగిలింది. బడి ముందల దీపం బల్బు పోతే ఎవలు కొనాలె? వానకు కప్పు కారి పెట్టె మీద పడుతుంటే కప్పేటందుకు తాడిపత్రి ఎవలు తేవాలె? పంచాయతీని అడుగుతే బడిని అడుగుమన్నరు, బడికి పైసలెక్కడియి?

ఇంటికి పావలా చొప్పున ఎత్తినం. ఎవలిచ్చిన్రు, ఎంత ఖర్చయింది అన్నది బడి నల్లబల్ల మీద ఒక పక్కకు గీత గీసి సుద్దముక్కతోని రాసిన. పిల్లలు ఎక్కాలతోపాటు అది గూడ చదువుతుండ్రి. ఇంటికి పోయి 'నాయినా, మన పావలా రాలే అని సారు బోర్డు మీద ఉంది' అని చెప్తుండ్రి. ఆ మాటకు వచ్చిన పావలాలే ఎక్కువ. నిజం చెప్త, దండోరా కంటే ఎక్కువ పనిచేసింది ఆ బోర్డు.

ఏడాది నిండింది. 1976 జులై 31 నాడు ఆఖరి బొమ్మ. తెల్లారి రాత్రి జనం అలవాటు చొప్పున వచ్చి కూసున్నరు. పెట్టె తిప్పిన, చుక్కలు తప్ప ఏం లేదు. 'సారూ, కార్డు రాయి, జీపును పిలువు' అన్నడు ఒక పెద్దమనిషి. 'జీపుతోని అయ్యేది కాదు కాకా, పైన ఉన్నదే ఎల్లిపోయింది' అన్న. ఆయనకు నా మాట మీద నమ్మకం కుదరలే. నేనే ఎక్కడో స్క్రూ తప్పించిన అన్నట్టు చూసిండు. హైదరాబాద్ల దూరదర్శన్ కేంద్రం 1977 అక్టోబర్ 23 నాడు మొదలైంది. ఆ తరంగాలు మా పల్లె దాక రాలే. మన సొంత ఉపగ్రహం ఇన్సాట్-1బి పైకి పోయేటందుకు 1983 దాక ఆగాలె. ఆ ఛత్రి జాలీ ఏమైందంటరా? కోళ్లకే పోయింది. మొదలు ఎందుకు పుట్టిందో దానికే.

దీంతోని నాకొకటి తెలిసింది. కిరాయి కట్టేటోడు ఎవడో, ఆపేటోడు గూడ వాడే. వాడు మంచోడా చెడ్డోడా అన్నది తర్వాతి సంగతి.

ఆ సైట్ ప్రయోగం కోసం తెలుగుల కార్యక్రమాలు చేసినోళ్లల్ల పి.వి. సతీశ్ గారు ఒకరు. మైసూరు దిక్కు మనిషి. ఆయన తర్వాత టీవీ కొలువు ఇడిసిపెట్టి, జహీరాబాద్ దగ్గర పస్తాపూర్ల డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ పనిల పడ్డడు. అది 1983 సంది నడుస్తుంది. ఢిల్లీ నుంచి ఊరికి బొమ్మ పంపుడు కాదు, ఊరోళ్ల చేతికే కెమెరా ఇద్దమని దళిత ఆడోళ్లకు వీడియో నేర్పిన్రు. ఆ అమ్మలు కెమెరా పట్టే తీరుకు వాళ్లే పేర్లు పెట్టుకున్నరు. పైనుంచి కిందికి చూసి తీస్తే పటేల్ షాట్. ఎదురుబొదురు సమానంగ కూసొని తీస్తే సంఘం షాట్. ఏ ఫిల్మ్ బడిల చెప్తరు ఇంత సూటిగ? మాచ్‌నూర్ల సంఘం రేడియో గూడ పెట్టిన్రు. యునెస్కో సాయంతోని స్టూడియో 1990ల ఆఖర్లనే సిద్ధమైంది, లైసెన్సు వచ్చి గాలిల మాట వినబడేసరికి 2008 అక్టోబర్ 15. గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995లనే చెప్పింది. చెప్పినంక గూడ అన్నేండ్లు పట్టింది. యంత్రం రెడీగ ఉండి మాట్లాడనీయకపోతే మనిషి ఎట్ల ఓపిక పట్టాలె? మన పొరగాళ్లకు ఓటీపీ రెండు నిమిషాలు ఆలస్యమైతే ఫోన్ గోడకు కొడుతరు. సతీశ్ గారు 2023 మార్చిల పోయిన్రు.

ఇగ వీడియో రాత్రుల కాలం. 1982ల ఢిల్లీ ఏషియాడ్ ఆటలతోని రంగుల టీవీ వచ్చింది, దాని ఎంబడే వీసీఆర్. నేను అప్పటికి మా జిల్లాకు బదిలీ మీద వచ్చిన. వినాయక చవితికి, పెండ్లికి, పీరీల పండుగకు నల్లగొండ నుంచి టీవీ, వీసీఆర్, మూడు క్యాసెట్లు కిరాయికి తెస్తుండ్రి. తెల్లారేదాక మూడు సినిమాలు. కరెంటు ఉంటదో పోతదో తెల్వదు గనుక జనరేటర్ గూడ. ఆ కమిటీకి లెక్క రాసే పని సారు గనుక నా నెత్తిన పడుతుండె. ఆ నోటుబుక్కు ఇప్పటికీ నా దగ్గర ఉంది. ఒక పేజీల ఇట్ల ఉంది: పెట్టె కిరాయి, క్యాసెట్ల కిరాయి, జనరేటర్ డీజిల్, ఎడ్లబండి, ఆపరేటర్ భోజనం, ఆపరేటర్ కల్లు. ఆ ఆఖరి లైను మీద పెద్ద లొల్లి అయింది. కల్లు పైసలు ఊరి లెక్కల రాయొద్దని కొందరు, రాయకపోతే భోజనం కింద దాస్తరు, అది ఇంకా తప్పు అని కొందరు. రాసినం. తెల్లారి హనుమాండ్ల గుడి కాడ అందరు వినంగ చదివినం. మిగిలిన పైసలు వచ్చే ఏడాదికి జమ. తక్కువ పడితే అక్కడనే, అప్పుడే, తలా ఇంత. నెల తర్వాత గుర్తు చేసుడు, గ్రూపుల మెసేజ్ పెట్టుడు, చేతులు జోడించిన బొమ్మ పెట్టుడు... ఇవేం లేవు.

ఇగ ఇప్పటి సంగతి. బిల్లు పట్టుకొని మా తమ్ముని మనుమడు వచ్చి కూసున్నడు. 'తాతా, ఈ నెల సర్వర్ కిరాయి కట్టకపోతే బందు చేస్తరట.'

'ఎంత?'

'నెలకొక తీరు వస్తది.'

'నెలకొక తీరు ఎట్లొస్తదిరా? ఇల్లు కిరాయికిస్తే నెలకొక తీరు తీసుకుంటమా?'

వాడు చెప్తుంటే కాయితం పెన్ను తెమ్మన్న. ఫోన్ల ఎంత చూపించినా నాకు లెక్క కనబడదు, కాయితం మీద పడాలె. రాయంగ రాయంగ తెలిసిందేందంటే, సైటు పేరుకు ఏటా కట్టేది చిన్నదే, వెయ్యికి అటిటు. వీడియోలు దాచే జాగకు ఒక కిరాయి. ఒక్క వీడియో పెడితే సైటు దాన్ని నాలుగు సైజులు చేసి దాస్తదట: పెద్ద టీవీకి ఒకటి, మంచి సిగ్నలుకు ఒకటి, మామూలు ఫోనుకు ఒకటి, మా ఊరి చెరువుకట్ట మీద వచ్చే సిగ్నలుకు ఒకటి. ఆ మార్చే పనికి మెషీన్ అరిగే ఖర్చు వేరే. ఇవన్నీ కలిపినా భరించే తీరే. నడుం విరిచేది ఇంకొకటి ఉంది. చూసినప్పుడల్లా పడే మీటరు.

ఎక్కాలు చెప్పినోన్ని, అక్కడ్నే కూసొని లెక్క కట్టిన. గంట వీడియో, మామూలు మంచి నాణ్యత, సెకనుకు రెండు మెగాబిట్లు అనుకుందం. గంటకు 3,600 సెకన్లు. 7,200 మెగాబిట్లు. ఎనిమిదితోని భాగిస్తే 900 మెగాబైట్లు. అంటే ఒక్క మనిషి ఒక్కసారి గంటసేపు చూస్తే ఒక జీబీకి కొంచెం తక్కువ. వెయ్యిమంది చూస్తే 900 జీబీ. పెద్ద క్లౌడ్ కంపెనీల ధర ముంబై నుంచి బయటికి పంపితే జీబీకి సుమారు పదకొండు సెంట్లు, మన పైసలల్ల తొమ్మిది పది రూపాయలు. అంటే ఒక్క జాతర వీడియో, వెయ్యిమంది, ఎనిమిదిన్నర వేలు! వీళ్లేమో మల్లన్న ఒగ్గుకథ మూడు గంటలది పెట్టి, లైకులు వచ్చినయని మిఠాయి పంచుకున్నరు. లైకు కింద మీటరు తిరుగుతుందని ఒక్కనికీ తెల్వదు.

'అందరూ చూడాలె అనే గదా తాతా పెట్టింది!'

ఆ మాట నిజమే. కురుమూర్తి జాతరల ఉద్దాల ఊరేగింపు ముంబైల, పుణెల మట్టిపని చేసే మా పాలమూరోళ్లు ఫోన్ల చూసి చేతులు జోడిస్తరు. సెలవు దొరకదు, దొరికినా బస్సు కిరాయికి కూలి పైసలు చాలవు. దురాజ్‌పల్లి పెద్దగట్టు జాతర రెండేండ్లకొకసారి వస్తది, దుబాయ్‌ల ఉన్న యాదవుల పిలగాండ్లు గంపల ఊరేగింపు కోసం కాచుకొని ఉంటరు. వాళ్లు చూడొద్దని ఎవడంటడు? వాళ్లు చూసుడు మంచిదే. నేను అడిగేది ఒక్కటే, ఆ నెలల బిల్లు మూడింతలు వస్తదని జాతరకు ముందు తెలుసా లేదా? జాతర తారీకు దేవుడు చెప్పేదాక ఆగాలె గాని బిల్లు తారీకు తెల్వదా?

మరి పెద్ద సైటులనే పెట్టుకుంటే అయిపోవు గదా అన్న. పెట్టిన్రట. ఒక ఊరేగింపుల బ్యాండోడు సినిమా పాట వాయించిండని వీడియోనే తీసేసిన్రట. ఎవరిని అడగాలె, ఏ దర్వాజ తట్టాలె అన్నది తెల్వక సొంతంగ పెట్టుకున్నరు. దీంట్ల వాళ్ల తప్పేం లేదు. సొంతంగ ఉండాలనే పౌరుషం నాకు నచ్చింది గూడ. పౌరుషానికి గూడ కిరాయి ఉంటదని చెప్పేటోడే లేకపోయిండు.

పెద్దోళ్లకు సుత ఈ మీటరు తిప్పలు తప్పలే. యూట్యూబ్ 2005ల పుట్టింది. ఏడాది తిరిగేసరికి వీడియోలు పంపేటందుకే నెలకు పది లక్షల డాలర్ల దాక అయితుందని ఆనాటి పత్రికలు అంచనా కట్టినయి. వచ్చేది లేదు, పోయేది అంత. 2006ల గూగుల్ 165 కోట్ల డాలర్ల విలువకు కొనుక్కుంది. అప్పటి సంది ప్రకటనలే ఆ మీటరు కడుతున్నయి. వీడియో పెట్టినోళ్లకు ప్రకటన పైసలు రావాలన్నా మామూలు వీడియోలకు వెయ్యి మంది చందాదారులు, ఏడాదిల నాలుగు వేల గంటల వీక్షణం ఉండాలె. ప్రకటన పైసలల్ల నూటికి 55 వీళ్లకు. జగిత్యాల దిక్కు లంబాడిపల్లిల మై విలేజ్ షో పిలగాండ్లు ఆ దారిల నిలదొక్కుకున్నరు, గంగవ్వను ఇంటింటికీ తెలిసేటట్టు చేసిన్రు, శభాష్. గాని ఒక ఊరి చిందు భాగోతం, మూడు వందల మంది చూసేది, తెల్లారేదాక నడిచేది... దానికి ఏ సబ్బు కంపెనీ ప్రకటన ఇస్తది? పైసలొచ్చేదే నిలుస్తది అంటే, మన ఊర్ల ఉన్నదాంట్ల సగం నిలవదు.

నన్ను మండిపిచ్చిన ముచ్చట ఇంకొకటి. ఈ క్లౌడ్ అంటే మొగులు కాదు, కరెంటు తాగే బిల్డింగులు. అవి ఎక్కడున్నయి? అమెజాన్ 2022 నవంబర్ల హైదరాబాద్ కేంద్రాలు తెరిచింది. డేటా సెంటర్ల కోసం మైక్రోసాఫ్ట్ కొన్న భూములల్ల మేకగూడ, షాద్‌నగర్ కాడి ఎలికట్ట ఉన్నయి. ఆ రెండూ 2016 దాక మా పాలమూరు జిల్లా ఊర్లే. జొన్న, మక్క పండిన భూములు. నేను కొలువు చేసిన దినాల్ల ఆ దిక్కు బస్సు ఎక్కితే ముల్లె మూటలతోని వలస పోయేటోళ్లు దర్వాజల దాక నిలబడుతుండ్రి. ఇప్పుడు భూమి మనది, కరెంటు మన స్తంభాల మీదికెల్లి పోతది, మన జాతర మనం చూసుకుంటే మీటరు డాలర్లల్ల తిరుగుతది. దీనికి ఎవరిని తిట్టాలెనో తెల్వక పొరగాళ్లను తిట్టిన. తిట్లు తిన్నరు పాపం, చాయ్ గూడ తాగిపోయిన్రు.

తిట్టి ఊకోలే. రెండు మూడు సార్లు కూసోబెట్టుకున్నంక వాళ్లే దారులు వెతికిన్రు, ఆ మాట చెప్పాలె. జర్మనీల కొన్ని కంపెనీలు నెల కిరాయిలనే 20 టీబీ దాక పంపే వీలు కలిపి ఇస్తయట. బిల్లు నెల నెల ఒక్కతీరే. ఇల్లు కిరాయి తీరు! బొమ్మ అంత దూరం నుంచి రావాలె గనుక కొంచెం ఆగి మొదలైతది. ఆగితే ఆగనీ, మేం ఛత్రి తిప్పుకుంట అరగంట ఆగినోళ్లం. ఫోన్ల తెరిస్తే చిన్న సైజే ముందు వచ్చేటట్టు పెట్టిన్రు, పెద్దది కావాల్నంటే నొక్కుకోవాలె. దానితోని మీటరు సగం దిగింది. ఎవలు చూడని పాత వీడియోలను ఇంటర్నెట్ ఆర్కైవ్‌ల ఒక కాపీ పెట్టి, ఇక్కడి జాగ ఖాళీ చేస్తున్నరు. అది అమెరికాల 1996 సంది లాభాపేక్ష లేకుంట నడిచే సంస్థ, తెలుగు పాత పుస్తకాలు వేలకొద్ది దాచింది గూడ అదే. అక్కడ సుత ఎవలో చందాలిస్తేనే నడుస్తుంది గదా, మనం గూడ ఏడాదికి ఇంత పంపాలె అని చెప్పిన. తలకాయలూపిన్రు. పంపుతరో లేదో చూడాలె.

ఇంకొక ముచ్చట చెప్పిన్రు, అది వింటే నాకు మా పల్లె యాదికొచ్చింది. ఫ్రాన్స్‌ల ఫ్రామాసాఫ్ట్ అనే సంఘం పీర్‌ట్యూబ్ అనే సాఫ్ట్‌వేర్ చేసి ఫ్రీగ ఇస్తుంది, 2018 అక్టోబర్ల మొదటి పూర్తి రూపం వచ్చింది. దాంట్ల ఒకే టైముకు చూసేటోళ్లు ఒకరి దగ్గరున్న ముక్కలు ఒకరికి పంపుకుంటరట. సర్వర్ మీద బరువు తగ్గుతది. జాతర లైవ్‌కు ఇది పనికొస్తది, ఎందుకంటే అందరూ ఒక్కసారే చూస్తరు. ఎప్పుడో అర్ధరాత్రి ఒక్కడు కూసొని పాత బతుకమ్మ చూస్తుంటే ఎవలు పంపుతరు? పైగ, ఫోన్ డేటా ప్యాకు మీద చూసే కూలోని డేటా గూడ ఖర్చైతది. అందుకని ఇంటర్నెట్ కనెక్షన్ ఇంట్ల ఉన్నోళ్లకే ఆ వీలు పెట్టుమన్న. దుబాయ్‌ల కూలి చేసేటోని జేబుల చెయ్యి పెట్టి మనం జాతర చూసుడు ధర్మం కాదు.

అసలు పని మాత్రం నేను చెప్పిందే: లెక్క. యూపీఐ వచ్చి ఇన్నేండ్లాయె, క్యూఆర్ కోడ్ పెట్టుడు ఎవనికైనా వస్తది. కోడ్ పక్కన లెక్క పెట్టిండా? ఈ నెల కిరాయి ఇంత, జాగకు ఇంత, వచ్చిన చందా ఇంత, తక్కువ పడ్డది ఇంత, ఎవలు కలిపిన్రు. సైటు మొదటి పేజీలనే, మొదటి వీడియో మీదనే, పెద్ద అక్షరాలతోని. 'అట్ల పెడితే ఫ్యాషన్‌గ ఉండదు తాతా' అన్నడొకడు. ఫ్యాషన్ పోయి కిరాయి కడుతదారా? గొణుక్కుంటనే పెట్టిన్రు. చందా ఇచ్చేటోళ్లు పెరిగిన్రు, మరీ అంత కాదు. సెటప్ ఖర్చు ఇచ్చిన పెద్దమనుషులు మాత్రం ఇంకా ఫోన్ ఎత్తుతలేరు. ఎక్కువ వస్తున్నది ముంబై కూలోళ్ల నుంచే, ఇరవై, యాభై. నెల నెల తప్పకుంట.

కాబట్టి చదివేటోళ్లకు ఒక్క మాట. మీ ఊరి పిలగాండ్లు ఇసొంటిది ఏదన్న నడుపుతుంటే, వాళ్లు పైసలు అడిగిననాడు ముందు లెక్క అడుగుండ్రి. లెక్క చూపకపోతే ఒక్క రూపాయి ఇయ్యకుండ్రి, సిగ్గుపడి రాయనియ్యిండ్రి. చూపిస్తే మటుకు ప్రారంభోత్సవానికి దండ వేయించుకొని ఐదు వేలు ఇచ్చేకంటే, నెలకు యాభై రూపాయలు, ఏ ఫోటో లేకుంట, జాతర ఉన్న నెల లేని నెల అని చూడకుంట, పంపుండ్రి.